డికాషన్ రంగు నీళ్ళు ఎటు పోతాయి?

కందుకూరు, ఒంగోలు చుట్టుపక్కల సుబాబుల్ రైతును పలకరిస్తే మాట పేపర్ మిల్లు మీదకే పోతుంది. కర్ర కొట్టించి, బెరడు ఒలిపించి, లారీకెత్తి సారపాక మిల్లుకో రాజమండ్రి మిల్లుకో పంపాలి. కిరాయి, కూలీ పోను మిగిలేదెంత? అందుకే 2019 జనవరిలో సముద్ర తీరాన రామాయపట్నం దగ్గర పేపర్ మిల్లుకు శంకుస్థాపన జరిగితే అంత ఆశపడ్డారు. మిల్లు రాలేదు. రేపు ఇంకో కంపెనీ వస్తే ఉద్యోగాలెన్ని అని అందరూ అడుగుతారు. మిల్లు మురుగునీళ్ళెటు పోతాయని అడిగేవాళ్ళు కావాలి.

కర్రలో నారను అంటిపెట్టి ఉంచే జిగురు లాంటిది లిగ్నిన్. రసాయనాల్లో ఉడికిస్తే అది కరిగి నల్లటి ద్రవమవుతుంది. మిల్లుల్లో దాన్ని బ్లాక్ లిక్కర్ అంటారు. పెద్ద మిల్లులు చిక్కబెట్టి రికవరీ బాయిలర్‌లో మండిస్తాయి. ఆవిరి వస్తుంది, రసాయనాలు మళ్ళీ చేతికొస్తాయి. ఆ బాయిలర్ ఖర్చు భరించలేని చిన్న మిల్లుల్లో ఆ నలుపు మురుగులోకే చేరిన రోజులున్నాయి. ఇక గుజ్జును తెల్లబరిచేటప్పుడు వచ్చే రంగునీళ్ళు ఎంత పెద్ద మిల్లుకైనా తప్పవు.

ఈ నీళ్ళను శుద్ధి చేసేది బ్యాక్టీరియా. తొట్టెల్లో గాలి కొడుతుంటే మురికిని తింటాయి. ఆ నీళ్ళలో నత్రజని, భాస్వరం తక్కువ కాబట్టి యూరియా, డీఏపీ వేసి మరీ వాటిని పెంచుతారు, మనం వరి మడికి వేసినట్టే. ఎంత మేపినా లిగ్నిన్ మాత్రం వాటికి సరిగా అరగదు. అందుకే రిపోర్టులో బీఓడీ, అంటే నీళ్ళలోని మురికిని తినడానికి బ్యాక్టీరియాకు పట్టే ఆక్సిజన్ లెక్క, హద్దులోనే ఉన్నా, శుద్ధి చేసిన నీళ్ళను గాజు గ్లాసులో పోసి వెలుగుకు పెడితే పల్చటి టీ డికాషన్‌లా కనిపిస్తుంది.

పేపర్ మిల్లులకు విడిగా నిబంధనలున్నాయి గానీ, కేంద్రం సాధారణ ప్రమాణాలు చూస్తే మన ధోరణి తెలుస్తుంది. నదిలోకి వదిలే నీటిలో బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రంలోకైతే 100 వరకూ పర్లేదు. సముద్రం కదా, కలిసిపోతుందిలే! ఈ తీరంలో రొయ్య పిల్లల హేచరీలు తోడుకునేది ఆ సముద్రపు నీళ్ళే. చిన్న పడవల వాళ్ళు వల వేసేదీ ఒడ్డుకు దగ్గర్లోనే. సుబాబుల్ రైతుకు లారీ కిరాయి కలిసొస్తుందని ఆ నష్టం వీళ్ళ నెత్తిన వేస్తామా?

ప్రజాభిప్రాయ సేకరణలో ఈటీపీ (మురుగునీళ్ళను శుద్ధి చేసే ప్లాంటు) బొమ్మ గోడంత వేసి చూపిస్తారు. నేనైతే దాన్ని చివర్లో చూస్తాను. తెల్లబరిచే ముందే ఆక్సిజన్‌తో లిగ్నిన్ తీసే ఏర్పాటు ఉందా అన్నది ముందు అడగాలి. ఆ దశలో కడిగిన నీళ్ళు తిరిగి బాయిలర్ వైపే పోతాయి, మురుగులోకి రావు. బ్లాక్ లిక్కర్ ఒలికితే పట్టుకునే తొట్టె ఉందా? బీఓడీ పక్కన రంగు అంకె కూడా రోజూ గేటు దగ్గర బోర్డు మీద రాస్తారా? ఒప్పుకుంటే అనుమతి పత్రంలోనే రాయించుకోవాలి.