అడెల్‌కు వచ్చిన పురస్కారాలు, రాని పురస్కారాలు

బ్రిటిష్ గాయని అడెల్ గురించి తెలుగులో ఒక సందేశం కొంతకాలంగా వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ విరివిగా తిరుగుతోంది. అందులోని మాటల సారాంశం ఇది. టీవీకి ఇచ్చే ఎమ్మీ, సంగీతానికి ఇచ్చే గ్రామీ, సినిమాకు ఇచ్చే ఆస్కార్, నాటకానికి ఇచ్చే టోనీ నాలుగూ గెలుచుకున్న తొలి బ్రిటిష్ వ్యక్తి ఆమె. స్కైఫాల్ పాటను పాడినందుకు ఆమెకు ఆస్కార్ వచ్చింది, జేమ్స్ బాండ్ పాటల్లో ఆ గౌరవం దానికొక్కదానికే దక్కింది. ఒకే రాత్రి మూడు ప్రధాన గ్రామీలు గెలిచిన మొదటి మహిళ ఆమె. 2017లో తన గ్రామీని తిరస్కరించి అమెరికన్ గాయని బియాన్సేకు ఇచ్చేసింది. ఎలిజబెత్ రాణి స్వయంగా ఆమెకు "డేమ్" బిరుదు ప్రదానం చేసింది. చివరగా, సొంత దేశం పట్టించుకోని ఆమెను అమెరికాయే గుర్తించి నెత్తిన పెట్టుకుంది.

ఈ మాటలు రాసినవారు అభిమానంతోనే రాసి ఉంటారు. అయినా వీటిలో ఏ ఒక్కటీ యథాతథంగా నిలబడదు. పైగా ఈ పొగడ్త ఆమెను కేవలం గొప్ప గొంతుగా మార్చి, ఆమె పాటలు రాస్తుందన్న సంగతిని పూర్తిగా చెరిపేసింది. ఆమె పాటలను ఇష్టంగా వినే మనిషిగా నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆస్కార్‌లో ఉత్తమ ఒరిజినల్ సాంగ్ పురస్కారం పాడినవారికి ఇచ్చేది కాదు. పాటకు సాహిత్యం, బాణీ సమకూర్చినవారికే ఆ ప్రతిమ అందుతుంది. ఈ నియమం మన తెలుగువారికి ఒకరు విడమరిచి చెప్పవలసిన అవసరం లేదు. 2023 మార్చిలో నాటు నాటు పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు వేదికపై ఆ పాటను పాడినవారు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ కాగా, ప్రతిమలను అందుకున్నవారు స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్. పాడినవారి ప్రతిభ తక్కువని దీని అర్థం కాదు, ఆ విభాగం స్వభావమే అంత. అదే నియమం ప్రకారం 2013 ఫిబ్రవరి 24న అడెల్ ఆస్కార్ అందుకున్నది పాల్ ఎప్‌వర్త్‌తో కలిసి స్కైఫాల్ పాటను రాసినందుకు. ఆ పాటను మరెవరు పాడి ఉన్నా ఆస్కార్ మాత్రం ఆమెకూ ఎప్‌వర్త్‌కూ వచ్చేది. ఆమె పాడి మరెవరైనా రాసి ఉంటే ఆమెకు వచ్చేది కాదు. అదే ఏడాది జనవరిలో వచ్చిన గోల్డెన్ గ్లోబ్, 2014లో దృశ్యమాధ్యమం కోసం రాసిన ఉత్తమ గీతంగా అదే పాటకు వచ్చిన గ్రామీ కూడా రచనకు దక్కినవే. ఒక్క పాటకు ముగ్గురు వేర్వేరు నిర్ణేతలు రచయిత్రిగా ఆమెను గౌరవించగా, సందేశం మాత్రం "పాడినందుకు" అని ఒక్క మాటతో సరిపెట్టింది.

బాండ్ పాటల్లో ఆస్కార్ గెలిచింది అదొక్కటే అనడం కూడా పాతబడిన సమాచారం. 2013 నాటికి ఆ మాట నిజమే. అంతకుముందు లివ్ అండ్ లెట్ డై, నోబడీ డజ్ ఇట్ బెటర్, ఫర్ యువర్ ఐస్ ఓన్లీ నామినేషన్ల దాకా వచ్చి ఆగిపోయాయి. బాండ్ చిత్రాలు మొదలైన యాభయ్యేళ్లకు ఆ గెలుపు ఆమె చేతుల మీదుగా వచ్చింది. ఆ తర్వాత 2016లో శామ్ స్మిత్ పాటకు, 2022లో బిల్లీ ఐలిష్ పాటకు అదే విభాగంలో ఆస్కార్ వచ్చింది. కాబట్టి ఆమెది మొదటి గెలుపు, ఏకైక గెలుపు కాదు.

ఇక నాలుగు పురస్కారాల సంగతి. ఎమ్మీ, గ్రామీ, ఆస్కార్, టోనీల మొదటి ఆంగ్లాక్షరాలను కూర్చి "ఈగాట్" అనే మాట వాడుకలోకి వచ్చింది. అడెల్ దగ్గర వీటిలో మూడు ఉన్నాయి, టోనీ లేదు. టోనీ న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకరంగానికి ఇచ్చే పురస్కారం. అడెల్ ఇంతవరకు బ్రాడ్‌వే నాటకంలో నటించలేదు, ఏ నాటకానికీ సంగీతం కూర్చలేదు. 2022 నవంబరు నుంచి 2024 నవంబరు వరకు లాస్‌వేగస్‌లోని సీజర్స్ ప్యాలెస్‌లో ఆమె ఇచ్చిన 100 ప్రదర్శనలు చూసి బ్రాడ్‌వే అనుకున్నవారు ఉండవచ్చు గానీ, అవి సంగీత కచేరీలు. టోనీకి వాటితో సంబంధం లేదు. మూడో పురస్కారమైన ఎమ్మీ 2022 సెప్టెంబరులో వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ అబ్జర్వేటరీ దగ్గర చిత్రీకరించి, 2021 నవంబరులో సీబీఎస్ ఛానెల్ ప్రసారం చేసిన ఆమె ప్రత్యేక కార్యక్రమానికి, ముందుగా రికార్డు చేసిన వినోద కార్యక్రమాల విభాగంలో ఆ పురస్కారం ఇచ్చారు. దాని కార్యనిర్వాహక నిర్మాతల్లో ఒకరు కావడం వల్ల అది ఆమెకూ దక్కింది. అప్పుడు ఆమె తనకిప్పుడు అధికారికంగా "ఈగో" వచ్చిందని ఇన్‌స్టాగ్రామ్‌లో చమత్కరించింది. చివరి అక్షరం తనకు లేదని అంత స్పష్టంగా ఆమే చెప్పుకున్న తర్వాత, ఆ అక్షరాన్ని మనం తెచ్చి అతికించడం న్యాయం కాదు.

"తొలి బ్రిటిష్ వ్యక్తి" అన్నదీ నిలవదు. నటుడు జాన్ గీల్‌గడ్, నటి ఆడ్రీ హెప్‌బర్న్ ఆ నాలుగింటినీ 1990ల నాటికే పూర్తి చేశారు. హెప్‌బర్న్‌కు చివరి రెండూ ఆమె మరణానంతరం వచ్చాయి. 2018లో ఆండ్రూ లాయిడ్ వెబర్, టిమ్ రైస్ ఆ జాబితాలో చేరారు. పాప్ సంగీతం వైపు నుంచి చూస్తే 2024 జనవరిలో ఎమ్మీ గెలిచి నాలుగూ పూర్తి చేసినవాడు ఎల్టన్ జాన్. ఆయన టోనీ కూడా బ్రాడ్‌వే నాటకానికి సంగీతం కూర్చి 2000లో సంపాదించుకున్నదే.

గ్రామీల విషయంలో సందేశం చేసిన పొరపాటు విచిత్రమైనది, ఎందుకంటే అది లేని ఘనతను అంటగట్టే క్రమంలో ఉన్న ఘనతను తగ్గించింది. ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్, రికార్డ్ ఆఫ్ ది ఇయర్, సాంగ్ ఆఫ్ ది ఇయర్ అనే మూడింటినీ ఒకే రాత్రి గెలిచిన మహిళ అడెల్ కంటే నలభయ్యేళ్ల ముందే ఉంది: 1972లో కరోల్ కింగ్ ఆ పని చేసింది. అడెల్ చేసింది మరొకటి. 2012లో ట్వంటీ వన్ ఆల్బమ్‌తో ఆ మూడూ గెలిచి, 2017లో ట్వంటీ ఫైవ్ ఆల్బమ్‌తో మళ్లీ ఆ మూడూ గెలిచింది. అలా రెండుసార్లు గెలిచిన మొదటి వ్యక్తి ఆమె. ఆడవారిలో మొదటి వ్యక్తి అని కాదు, మొత్తం అందరిలోనూ మొదటి వ్యక్తి. 2009లోనే ఉత్తమ నూతన కళాకారిణి పురస్కారం కూడా అందుకుని ఉండటం వల్ల, ఈ నాలుగు ప్రధాన విభాగాలూ గెలిచిన మొదటి మహిళ కూడా ఆమే.

ఇక్కడ రికార్డ్, సాంగ్ అనే రెండు విభాగాల తేడా తెలుసుకోవాలి. రికార్డ్ ఆఫ్ ది ఇయర్ ఒక రికార్డింగుకు ఇచ్చేది. దాన్ని పాడినవారు, నిర్మించినవారు, ధ్వనిముద్రణ చేసినవారు అందుకుంటారు. సాంగ్ ఆఫ్ ది ఇయర్ అందుకునేది పాట రాసినవారు. సితార్ విద్వాంసుడు రవిశంకర్ కుమార్తె నోరా జోన్స్ 2003లో ఆల్బమ్, రికార్డ్, నూతన కళాకారిణి మూడూ గెలిచినా, అదే పాటకు వచ్చిన సాంగ్ ఆఫ్ ది ఇయర్ మాత్రం దాన్ని రాసిన జెస్సీ హారిస్‌కు వెళ్లింది. అడెల్‌కు ఆ విభాగం రెండుసార్లూ దక్కిందంటే, రోలింగ్ ఇన్ ది డీప్ పాటను ఎప్‌వర్త్‌తోనూ, హెలో పాటను గ్రెగ్ కర్‌స్టిన్‌తోనూ కలిసి ఆమె రాసింది కాబట్టే. 2012 నాటి వేడుకకు కొద్ది నెలల ముందే ఆమె గొంతుకు శస్త్రచికిత్స జరిగింది. మళ్లీ పాడగలదో లేదో అని అభిమానులు దిగులుపడుతున్న సమయంలో ఆ వేదికపైకి వచ్చి పాడి, ఆరు నామినేషన్లకు ఆరు గ్రామీలతో ఇంటికి వెళ్లింది.

2017లో గ్రామీని తిరస్కరించిందన్న కథకు కొంత ఆధారం ఉంది, అందుకే అది ఇంతగా వ్యాపించింది. ఆ ఏడాది ఫిబ్రవరి 12న ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ ప్రకటించినప్పుడు, ఈ పురస్కారాన్ని తాను స్వీకరించలేనని, తన జీవితంలో అతి గొప్ప కళాకారిణి బియాన్సే అని, ఆమె లెమనేడ్ ఆల్బమ్ అపూర్వమని అడెల్ కన్నీళ్లతో చెప్పింది. ఆ తర్వాత విరిగిన ప్రతిమతో ఆమె కనిపించిన ఫోటోలు కూడా ఉన్నాయి. అయితే అది వినయంతో, గాఢమైన ఆరాధనతో అన్న మాటే తప్ప అధికారికంగా తిప్పి పంపడం కాదు. గ్రామీ జాబితాలో ఆ ఏటి విజేతగా ఉన్నది ఈనాటికీ అడెల్ ఆల్బమే. లెక్క వేసి చూసినా తేలిపోతుంది. 2009లో 2, 2012లో 6, 2013లో 1, 2014లో 1, 2017లో 5, 2023లో 1, వెరసి 16. ఆమెకు 16 గ్రామీలు ఉన్నాయని ఆ సందేశమే మరోచోట చెప్పుకుంది; 2017 నాటి ఆల్బమ్ పురస్కారాన్ని వదిలేసుకుని ఉంటే ఆ లెక్క 15 దగ్గరే ఆగాలి. పైగా ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గాయని ఒక్కరిదే కాదు, ఆ ఆల్బమ్ నిర్మాతలకూ ఇంజినీర్లకూ కలిపి ఇచ్చేది. వారందరి తరఫున దాన్ని మరొకరికి ధారపోసే అధికారం ఆమెకు లేదు.

"డేమ్" విషయం చిన్నది, త్వరగా తేల్చవచ్చు. 1917లో ఏర్పడిన ఆర్డర్ ఆఫ్ ది బ్రిటిష్ ఎంపైర్‌లో ఐదు శ్రేణులు ఉన్నాయి. వాటిలో పై రెండింటిని పొందిన మహిళలే డేమ్ అని పిలిపించుకుంటారు. అడెల్‌కు 2013 జూన్‌లో ప్రకటించింది ఐదవ శ్రేణి అయిన ఎంబీఈ. దాన్ని పొందినవారు పేరు చివర ఆ మూడు అక్షరాలు రాసుకోవచ్చు, పేరుకు ముందు ఏ బిరుదూ ఉండదు. ఆ ఏడాది డిసెంబరులో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో దాన్ని ఆమెకు అందించింది కూడా రాణి కాదు, అప్పటి యువరాజు, నేటి రాజు చార్లెస్. నిబంధనలు ఒప్పుకోకపోయినా పద్మశ్రీని పేరుకు ముందు చేర్చి పిలవడం మనకు అలవాటు కాబట్టి, ప్రతి ప్రభుత్వ గౌరవం ఒక బిరుదే అనుకోవడం ఇక్కడ సహజంగా జరిగే పొరపాటు. బాండ్ చిత్రాలకు మూడు పాటలు పాడిన షర్లీ బాసీ నిజంగానే డేమ్. ఎవరైనా ఈ ఇద్దరినీ కలగలిపి ఉండవచ్చు.

సొంత దేశం పట్టించుకోలేదన్న చివరి మాట మాత్రం నాకు అన్నింటికంటే అన్యాయంగా తోచింది. అడెల్ లండన్‌లోని టాటెన్‌హామ్‌లో పుట్టి, క్రోయ్‌డన్‌లోని బ్రిట్ స్కూల్‌లో చదువుకుంది. ఆమె తొలి ఆల్బమ్ నైన్‌టీన్ విడుదలైంది 2008 జనవరి చివరలో. బ్రిటన్‌లో సంగీతానికి ఇచ్చే బ్రిట్ అవార్డులు కొత్తగా నెలకొల్పిన విమర్శకుల ఎంపిక పురస్కారానికి మొట్టమొదటి విజేతగా ఆమె పేరును ప్రకటించింది అంతకంటే ముందు, 2007 డిసెంబరులోనే. ఆల్బమ్ బయటకు రాకముందే బ్రిటన్ ఆమెను నమ్మింది. అమెరికా గ్రామీలు వచ్చింది ఆ తర్వాత ఏడాదికి పైగా గడిచాక, 2009 ఫిబ్రవరిలో. అప్పటి నుంచి 2022లో ఒకే రాత్రి వచ్చిన మూడింటితో కలిపి ఆమెకు మొత్తం 12 బ్రిట్ అవార్డులు ఉన్నాయి. వాటితోపాటు, పాటల రచయితలు తమలోని వారికి ఇచ్చుకునే ఐవర్ నోవెల్లో పురస్కారాల్లో 2012కు సంవత్సరపు ఉత్తమ గీత రచయితగా బ్రిటన్ ఎంచుకున్నది కూడా అడెల్‌నే. అప్పటికి స్కైఫాల్ ఇంకా విడుదల కాలేదు, ఆస్కార్‌కు ఇంకా తొమ్మిది నెలలు ఉంది. ఆ పురస్కారం పేరు ఆ సందేశంలో ఎక్కడా లేదు.