చెప్పకుండా వదిలేసిన సగం

1962 ఏప్రిల్ 20, గుడ్ ఫ్రైడే నాడు బోస్టన్ విశ్వవిద్యాలయంలోని మార్ష్ చాపెల్ నేలమాళిగలో 20 మంది క్రైస్తవ మతశాస్త్ర విద్యార్థులు ప్రార్థనకు కూర్చున్నారు. 1936లో బార్డోలీలో గాంధీజీని కలిసి మాట్లాడిన నల్లజాతి మతాచార్యుడు హోవర్డ్ థర్మన్ పై మందిరంలో చేస్తున్న ప్రసంగం వారికి స్పీకర్లలో వినిపిస్తోంది. వారిలో సగం మందికి కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్‌ను, తక్కిన సగానికి పోలిక కోసం ఒళ్లు వెచ్చబడి ముఖం ఎర్రబారేలా చేసే నికోటినిక్ ఆమ్లాన్ని ఇచ్చారు. మార్మికులు తరతరాలుగా వర్ణిస్తూ వచ్చిన అనుభూతిని ఒక రసాయనం కలిగించగలదా అన్నది పరిశోధకుడు వాల్టర్ పాంకీ ప్రశ్న. కలిగించగలదనే ఆయన తేల్చారు.

మందు వల్ల కలిగింది కనుక అది వట్టి భ్రమేనని కొట్టిపారేసే వాదనతో మేము ఏకీభవించము. నవ్వు వాయువు అనే నైట్రస్ ఆక్సైడ్‌ను స్వయంగా పీల్చి చూసిన అమెరికన్ తత్వవేత్త, మనస్తత్వవేత్త విలియం జేమ్స్, మెలకువలోని మన మామూలు ఎరుక చైతన్యానికి ఉన్న అనేక రూపాల్లో ఒకటి మాత్రమేనని 1902లోనే రాశారు. అనుభూతిని వేరును బట్టి కాక ఫలాన్ని బట్టి తూచాలన్నారు. తెలుగులో ఇటువంటి మందులన్నిటినీ మత్తుమందులనే అంటున్నాము గాని, మత్తు ఎరుకను మొద్దుబారుస్తుంది, సైలోసైబిన్ వంటి సైకెడెలిక్‌లు దాన్ని భరించలేనంత పదునెక్కిస్తాయి. ప్రమాదమూ ఆ పదునులోనే ఉంది.

అందుకే ఫలాన్ని తూచేవారు చేదు కాయలనూ లెక్కపెట్టాలి. పాతికేళ్ల తరువాత ఆనాటి విద్యార్థులను వెతికి పట్టుకుని మాట్లాడిన పరిశోధకుడు రిక్ డోబ్లిన్ 1991లో రెండు సంగతులు బయటపెట్టారు. సైలోసైబిన్ తీసుకున్నవారిలో ఆయన కలిసిన దాదాపు అందరూ ఆ అనుభూతి నిజమైనదనీ, తమ జీవితానికి మేలు చేసిందనీ చెప్పారు. అయితే ఒక విద్యార్థి అదుపు తప్పడంతో అతడిని శాంతింపజేయడానికి క్లోర్‌ప్రొమజైన్ సూది వేయవలసి వచ్చిందన్న విషయాన్ని పాంకీ తన సిద్ధాంత గ్రంథంలో రాయనే లేదు. పైగా, ఎవరికి ఏ మందు అందిందో కాసేపటికే అందరికీ తెలిసిపోయింది.

2006లో సైలోసైబిన్‌పై ప్రయోగం ప్రచురించిన అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంతకన్నా నిజాయితీ చూపారు. పాల్గొన్న 36 మందిలో మూడింట రెండు వంతుల మంది ఆ అనుభవాన్ని తమ జీవితంలోని అత్యంత అర్థవంతమైన ఐదింటిలో ఒకటిగా చెప్పారని రాస్తూనే, సుమారు మూడో వంతు మంది ఆ గదిలోనే తీవ్రమైన భయాన్ని చవిచూశారనీ నమోదు చేశారు. 2024 ఆగస్టులో ఎరుకను మార్చే మరో మందు ఎండీఎంఏతో చేసే మానసిక చికిత్సకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించి మరో ప్రయోగం కోరింది. ఆ మందుపై నిపుణుల చర్చలోనూ ప్రధానంగా నిలిచింది మార్ష్ చాపెల్‌నాటి చిక్కే: తమకు అందినది అసలు మందేనని రోగికి తెలిసిపోతే, ఉపశమనంలో మందు పాలెంత, నమ్మకం పాలెంత?

ఈ పరిశోధనలు ఆగకూడదనే మేము కోరుతున్నాము. అయితే బెదిరిపోయినవారి మాటలను, మధ్యలో విరమించుకున్నవారి మాటలను వారి నోటివెంట వచ్చినట్లే ప్రచురించాలన్న షరతు లేకుండా ఏ ప్రయోగానికీ అనుమతి ఇవ్వకూడదు. సూది వేయించుకున్న ఆ విద్యార్థికి పాంకీ గ్రంథంలో కనీసం ఒక పేజీ దక్కవలసింది.