పక్షి కంటికి జవాబు చెప్పే టవర్ కావాలి

వాచ్ టవర్ అనగానే మన ఇంజినీర్లకు తోచే నమూనా దాదాపు ఒక్కటే. నాలుగు సిమెంటు స్తంభాలు, బయటికి కనిపించే మెట్లు, పైన నలువైపులా తెరిచి ఉన్న వేదిక, దానికో రంగుల రెయిలింగ్. మనిషికి ఎంత దూరం కనిపిస్తుందన్నదే అక్కడ లెక్క. పైనున్న మనిషి పక్షికి ఎలా కనిపిస్తున్నాడో ఎవరికీ పట్టదు. నేలపట్టు, పులికాట్, కొల్లేరు వంటి నీటిపక్షుల నెలవుల్లో ముందు ఆలోచించాల్సింది దాని గురించే.

నీటిపక్షుల్లో చాలావాటికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే చుట్టూ చాలా మేర కనిపెడతాయి. రంగుల్ని గుర్తించే కణాలు మన కంట్లో మూడు రకాలైతే, పక్షుల కంట్లో నాలుగు. అనేక జాతులకు అతినీలలోహిత కాంతి కూడా కనిపిస్తుంది. కాబట్టి మనం ముచ్చటపడి వేయించిన పెయింట్ వాటికి ఎలా తోస్తుందో మన కంటితో తేల్చలేం. ఇక కదలిక సంగతి సరేసరి. మెట్లెక్కుతున్న గుంపు, సెల్ఫీ కోసం పైకెత్తిన ఫోను చాలు, మంద బెదిరి లేస్తుంది. లేవడం వాటికి తేలికేం కాదు. ఫ్లెమింగోలు, గూడబాతులు నీటి మీద కొంత దూరం పరుగుతీస్తే గానీ గాల్లోకి లేవలేవు. ఖర్చయ్యే ఆ శక్తిని మళ్లీ మేత వెతికి సంపాదించుకోవాలి. తల్లి గూడు వదిలితే గుడ్లకు ఎండ దెబ్బా, కాకుల బెడదా తప్పవు.

దాక్కుని చూసే విద్యలో గుడ్లగూబను మించిన గురువు లేదు. కనుగుడ్లు తిప్పలేదు గనుక, ఒళ్లు కదపకుండా మెడనే 270 డిగ్రీల దాకా తిప్పుతుంది. టవర్‌నూ అలాగే కట్టవచ్చు. తిరుగుడంతా గోడల లోపల, మసక వెలుతురులో ఉండాలి. బయటి వైపు సన్నటి కంతలు మాత్రమే కనిపించాలి. గోడ వెంటే గుండ్రంగా ర్యాంప్ వేస్తే వృద్ధులూ, వీల్‌చైర్‌లో వచ్చేవారూ పైకి చేరతారు. కొన్ని కంతలు పిల్లల ఎత్తులో పెట్టాలి. అద్దాలు మాత్రం వద్దు. వాటిలో కనిపించే ఆకాశం నిజమనుకుని పక్షులు ఢీకొంటాయి. (నల్లమల లాంటి అడవుల్లో లెక్క వేరు. జింకకు నారింజ రంగు, ఆకుపచ్చ ఒకేలా తోస్తాయి. నీలం మాత్రం బాగా తెలుస్తుంది. మన జీన్స్ ప్యాంట్లే దొరికిపోతాయి!)

కంతల్లోంచి చూడటానికి పర్యాటకులు రారన్న వాదనతో మేం ఏకీభవించం. పక్షులు లేచిపోయిన ఖాళీ చెరువును చూడటానికి టికెట్ ఎవరు కొంటారు?

నేలపట్టులో గూళ్ల కాలం అక్టోబరు ప్రాంతంలో మొదలవుతుంది. ఈలోగా, ఇప్పటికే ఉన్న టవర్ల మెట్లకు తడికలు కట్టడానికీ, రెయిలింగులకు మెరుపులేని మట్టిరంగు వేయడానికీ పెద్ద టెండర్లేం అక్కర్లేదు.