రెండో చరణం ఎవరైనా చూశారా?

మొన్న మా మేనకోడలు సంగీత్ కోసం ఒక పాటకి స్టెప్పులు ప్రాక్టీస్ చేస్తోంది. పల్లవి అవ్వగానే నేను అలవాటుగా చరణం అందుకున్నా. అది టక్కున ఆగి, "ఇది ఈ పాటలోదేనా మావయ్యా?" అంది. ఆ పాట రెండొందల సార్లు విని ఉంటుంది పిల్ల. ప్రతిసారీ రీల్స్‌లో అవే ఇరవై సెకన్లు.

మా రోజుల్లో తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసి, ఖాళీ సిక్స్‌టీ కేసెట్ ఇస్తే రికార్డింగ్ షాపువాడు నింపి ఇచ్చేవాడు. వైపుకి అరగంట. ఏడో పాట సగంలో ఉండగానే టేపు అయిపోయి, టప్‌మని బటన్ పైకి లేచేది. నచ్చని పాట దాటాలంటే ఫార్వర్డ్ నొక్కి, ఎక్కడ ఆపాలో అంచనా వెయ్యాలి. ఆ తంటా ఎవడు పడతాడని మొత్తం వినేసేవాళ్లం. మాకు చరణాలు నోటికొచ్చింది భక్తితో కాదు, బద్ధకంతో.

అలాగని పాతదంతా బంగారం అనను. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర కంటే పట్టేది కాదు. పాటకి యంత్రం ఎప్పుడూ కొలతలు తీస్తూనే ఉంది. కాకపోతే ఆ మూడు నిమిషాల్లోనే పల్లవి, చరణాలు అన్నీ సర్దేవారు. 2016లో జియో వచ్చి డేటా చవకైంది. 2020 జూన్ ఆఖర్లో టిక్‌టాక్ పోయింది, పది రోజులు తిరక్కుండానే మనకి ఇన్‌స్టా రీల్స్ దిగింది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక ప్లే లెక్క. ఆ తర్వాత మీరు విన్నా, మీ కుక్క విన్నా ఆ లెక్క మారదు. ఇంత తెలిసీ రెండో చరణం కోసం ఎవడు నిద్ర మానుకుంటాడు? అయినా రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు, పాపం. వినేవాళ్లమే పల్లవి దగ్గర దిగిపోతున్నాం.

పల్లవి ఊరికే ఊరిస్తుంది. అసలు సంగతి చరణంలో ఉంటుంది. "నువ్వు" అన్నది ఎవరినో రెండో చరణందాకా తెలియని పాటలు మనకెన్ని లేవు!

పోయిన నెల మా బంధువుల జంట ఒకటి పెళ్లిరోజుకి రీల్ పెట్టారు. చేతిలో చెయ్యి, కేకు, వెనక తియ్యటి పల్లవి. ఇంకో రెండు నిమిషాలు విని ఉంటే, అది విడిపోతున్నవాళ్లు పాడుకునే పాటని తెలిసేది.

నేనేం చెప్పలేదు. లైక్ కొట్టి ఊరుకున్నా.