ఆరు చేతుల ఆక్టోపస్

పిల్లలను అప్పుడప్పుడు భయపెట్టడం కూడా తండ్రి బాధ్యతల్లో ఒకటని నా నమ్మకం. మా పదకొండేళ్ల అబ్బాయి ఆ అవకాశం ఇవ్వడు. తెర మీద మహానగరాలు కూలుతుంటే ఆవలిస్తాడు. నేను ఉలిక్కిపడితే, “అదంతా కంప్యూటర్‌లో చేస్తారు నాన్నా” అని నాకే ధైర్యం చెబుతాడు. అందుకని ఒక శనివారం రాత్రి, కంప్యూటర్ మొహం ఎరుగని కాలం నాటి రాక్షసులను రంగంలోకి దించాను.

మొదట 1955 నాటి ‘ఇట్ కేమ్ ఫ్రమ్ బినీత్ ద సీ’. కొండంత ఆక్టోపస్ ఒకటి సముద్రంలోంచి పైకొచ్చి, శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెనను పెనవేసుకుంటుంది. ఆ బొమ్మకు ప్రాణం పోసినవాడు రే హ్యారీహౌసెన్. బొమ్మను వెంట్రుకవాసి జరపడం, ఒక ఫ్రేము తీయడం, మళ్లీ జరపడం. తెర మీద ఒక్క సెకను గడవాలంటే 24 ఫ్రేములు కావాలి. ఈ మహత్తు గురించి నేను గొంతు పెంచి చెబుతుంటే, మావాడు వేళ్లు ముడుస్తూ ఏదో లెక్కపెడుతున్నాడు.

“నాన్నా, దీనికి ఆరే చేతులున్నాయి.”

“మిగతా రెండూ నీళ్లలో ఉంటాయిరా.”

ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో నాకే గుర్తులేదు. చేతులు లెక్కపెట్టాలని మాత్రం ఎన్నడూ తోచలేదు. మా ఆవిడ ఫోనులో వెతికి తీర్పు చెప్పింది: డబ్బు చాలక, ఎనిమిది చేతులకు బదులు ఆరింటితో సరిపెట్టారట. “ఇల్లు నడిపేవాళ్లకు ఇందులో వింతేమీ లేదు” అని చెప్పి, ఆమె పడుకోవడానికి వెళ్లిపోయింది.

మావాడు పడీపడీ నవ్వాడు. నేను చిన్నబుచ్చుకోవలసిందే కానీ, వాడు ఆవలించడం మానేశాడన్న సంగతి అప్పుడే గమనించాను. పైగా, “ఇలాంటివి ఇంకా ఉన్నాయా?” అని అడిగాడు.

అడగకూడని ప్రశ్న అది. నాకు ఊపు వచ్చింది. 1933 నాటి కింగ్ కాంగ్ ఆకాశమంత కనిపిస్తుంది కానీ, అసలు బొమ్మ ఎత్తు సుమారు 18 అంగుళాలు. ఒంటి మీద కుందేలు బొచ్చు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య బొమ్మను జరిపినవాళ్ల వేళ్లు ఆ బొచ్చును చెదరగొట్టేవి. అందుకే తెర మీద ఆ బొచ్చు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. కాంగ్ కోపంతో రోమాలు నిక్కబొడుచుకుంటున్నాడని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారని చెబుతారు. సినిమా ఆపి, ఆ వేలిముద్రల అలజడిని మావాడికి చూపించాను. వాడు తెరకు ముక్కు ఆనించి చూశాడు.

ఆ తర్వాత 1953 నాటి ‘రోబోట్ మాన్‌స్టర్’ ముచ్చట. రోబో వేషం కుట్టించే స్తోమత లేక, సొంత గొరిల్లా వేషం ఉన్న నటుణ్ణి పిలిచి, నెత్తిన సముద్రంలో మునిగే గజ ఈతగాళ్ల శిరస్త్రాణం లాంటిది బోర్లించారు. మెడ నుంచి కిందికి గొరిల్లా, మెడ నుంచి పైకి గ్రహాంతరవాసి. “దీనికి భయపడినవాళ్లు ఉన్నారా నాన్నా?” అన్నాడు. ఉన్నారనే నా ఉద్దేశం. నిర్మాత అయినా భయపడే ఉంటాడు.

గాడ్జిల్లా దగ్గరకు వచ్చేసరికి మాత్రం నేను నవ్వను. ఆ జపాన్ సినిమా 1954 నవంబరులో వచ్చింది. అదే ఏడాది మార్చిలో అమెరికా బికినీ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్షిస్తే, ఆ బూడిద జపాన్ చేపల పడవ మీద రాలింది. ఆ భయాన్నే వేషంగా కుట్టి, సుమారు 100 కిలోల బరువున్న దాన్ని హరువో నకజిమా అనే నటుడికి తొడిగారు. అరుపు మాత్రం ఏ జంతువుదీ కాదు. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే ఆలోచన అది. మనిషంత ఎత్తుండే డబుల్ బేస్ వాద్యం తీగను వదులు చేసి, జిగురు పట్టించిన తోలు చేతితొడుగుతో బర్రున రుద్దించి, వచ్చిన ధ్వనిని నెమ్మదింపజేశారు.

“అంతేనా? మనమూ చేయవచ్చుగా!” అన్నాడు మావాడు.

డబుల్ బేస్ లేదు, వాడి గిటారు ఉంది. బండి నడిపేటప్పుడు చలికి వేసుకునే నా తోలు తొడుగు ఉంది. ఆ జిగురుకు బదులు చెప్పులు అతికించే జిగురు ఉంది. ఈ మూడోదాని దగ్గరే ఆగి ఉండవలసింది.

లావు తీగను వదులు చేసి, తొడుగుకు కాస్త జిగురు పూసి రుద్దాను. “ఎలుక” అన్నాడు మావాడు. అవమానం. ఇంకొంచెం పూశాను. “పెద్ద ఎలుక.” ఈసారి గొట్టం సగం ఖాళీ చేసి, రెండు నిమిషాలు ఆరనిచ్చి, భుజం కదిలేలా లాగాను.

వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఇల్లంతా వచ్చింది. వంటింట్లో గిన్నె ఏదో మోగింది. మావాడు నా వీపు వెనక్కి చేరాడు. పదకొండేళ్ల కల నెరవేరిన ఆనందంలో ఇంకోసారి లాగబోయాను. చెయ్యి రాలేదు. తొడుగు, తీగ, చెక్క మూడూ ఏకమైపోయాయి.

అప్పుడే గంట మోగింది. కుడిచేతికి గిటారు వేలాడుతుండగా, ఎడమచేత్తో తలుపు తీశాను. పక్కింటాయన లుంగీ సర్దుకుంటూ నిలబడ్డారు.

“మీ మోటారు నీళ్లు లేకుండా తిరుగుతున్నట్టుందండీ, కాలిపోతుందేమోనని...” అంటూ నా చేతి వంక చూసి ఆగిపోయారు.

“గాడ్జిల్లా అండీ” అన్నాను.

ఆయన రెండు అడుగులు వెనక్కి వేసి, “మంచిది” అని వెళ్లిపోయారు. లోపల గడియ వేసుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆ రాత్రి నిజంగా భయపడిన పెద్దమనిషి ఆయనొక్కరే.

తర్వాత అరగంట సేపు కొబ్బరినూనె, వేడినీళ్లు, స్కేలు అన్నీ ప్రయోగించాం. గిటారుతో సహా నిద్రపోవడం ఎలాగో ఆలోచిస్తుండగా మా ఆవిడ లేచి వచ్చింది. గిటారునూ, నన్నూ, నూనె కారుతున్న నేలనూ వరుసగా చూసింది.

“ఏమండీ, చెయ్యి తొడుగులోంచి బయటికి తీయవచ్చుగా?”

తీశాను. వచ్చేసింది.

తొడుగు మాత్రం ఇప్పటికీ గిటారునే పట్టుకుని ఉంది. పీకేద్దామంటే మావాడు ఒప్పుకోలేదు. తెల్లకాగితంతో రెండు గుండ్రని కళ్లు కత్తిరించి దానికి అతికించాడు. అదొక ఆక్టోపస్ అట, వంతెనను పట్టుకుందట.

“ఐదే చేతులున్నాయేమిరా?” అన్నాను.

“డబ్బు చాలలేదు నాన్నా.”