తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే చాలా?

సంక్రాంతికి తెనాలి వెళ్లాలి. ఉండేది మియాపూర్‌లో, కారు ఒకటే. ఎప్పుడు బయల్దేరాలన్న దాని మీద మా బావగారికీ నాకూ ఏటా జరిగే గొడవ ఇది. రాసేది నేను కాబట్టి కాస్త నా వైపే మొగ్గుతుంది, ముందే చెప్తున్నా.

బావ: ఇందులో ఆలోచించేదేముందిరా? భోగి ముందురోజు తెల్లవారుజామున 3కి బండి తీస్తే విజయవాడ హైవే ఖాళీ.

నేను: ఆ ఐడియా మీ ఒక్కరికే వచ్చిందా బావా? పోయినేడు 3కే కదా తీశాం, హయత్‌నగర్ దాటేసరికి సగం ఊరు మనకంటే ముందే వచ్చి నిలబడుంది. పంతంగి టోల్ దగ్గర మన ముందు కారు ఫాస్టాగ్‌లో డబ్బుల్లేవు, ఆ కుర్రాడు చేతి మిషన్ అద్దానికి ఆనించి మూడుసార్లు చూశాడు, లోపలాయన ఫోన్లో రీఛార్జ్ చేస్తూ కూర్చున్నాడు, వెనక అందరూ హారన్. మన చిన్నోడు ఖాళీ వాటర్ బాటిల్లో పని కానిచ్చింది అక్కడే.

బావ: అది ఆయన తప్పు. ట్యాగ్ పనిచేయకపోతే యూపీఐకి ఒకటింబావు వసూలు చేస్తున్నారుగా, ఇప్పుడు అందరూ సరిచూసుకునే వస్తారు.

నేను: టోల్ ఒక్కటే అయితే బాగుండు. బూత్‌లు ఎన్ని తెరిచినా, దాటాక అన్ని వరసలూ మళ్లీ రెండు లేన్లలోకే దూరాలి, అది నాలుగు లేన్ల రోడ్డు, మనవైపు రెండే. అందుకే నేననేది, టైం మార్చడం కాదు, రోజు మార్చండి, లేదా దారి మార్చండి. మనకు విజయవాడతో పనే లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ మీదుగా బొంగులూరు దగ్గర దిగితే ఎల్బీనగర్ ముఖం కూడా చూడక్కర్లేదు. ఇబ్రహీంపట్నం, మాల్ అనే ఊరు, నాగార్జునసాగర్, మాచర్ల, పిడుగురాళ్ల, గుంటూరు. గుంటూరు వైపు వెళ్లేవాళ్లు సాగర్ రోడ్డు పట్టండని పండగ ముందు పోలీసులే చెప్తారు.

బావ: చెప్తారు, నడిపేది వాళ్లా? చీకట్లో ఎదురుగా లారీ హైబీమ్ వేసుకొస్తుంటే పక్కన డివైడర్ ఉండదు. వెనక సీట్లో పిల్లలు. జామ్‌లో ఇరుక్కుంటే లేటవుతుంది అంతే.

(దీనికి నా దగ్గర జవాబు లేదు. పగలు వెళ్దాం అన్నాను, ఆయన విననట్టు ఊరుకున్నారు.)

నేను: పోనీ రెండు రోజులు ముందే వెళ్దాం.

బావ: నీకేంరా, లాప్‌టాప్ ఎక్కడ తెరిస్తే అక్కడే ఆఫీసు. నాది షోరూమ్. పండగ ముందు వారమే మాకు గిరాకీ, లీవంటే ఓనరు ముఖం ఎలా పెడతాడో నీకేం తెలుసు? పోనీ రైలంటావా, రిజర్వేషన్ 60 రోజుల ముందే కదా తెరిచేది, ఆరోజు పొద్దున 8కి నువ్వు నిద్ర లేచావా?

నేను: లేవలేదు. కానీ పోయినేడు సూర్యాపేటలో పెసరట్టు కోసం గంట ఆపింది ఎవరు?

బావ: గంటా! ఇరవై నిమిషాలు.

నేను: అల్లం పచ్చడి రెండోసారి వేయించుకున్నారు. అక్కనడగండి.

బావ: మీ అక్క కాఫీ కోసం ఆపమంది, పెసరట్టు దాన్తో పాటు వచ్చింది.

నేను: సరే, అక్కనీ పిల్లల్నీ నేను రెండు రోజులు ముందు సాగర్ మీదుగా పగటిపూట తీసుకెళ్లిపోతా. మీరు భోగి పొద్దున బస్సెక్కండి, అప్పటికి రోడ్డు కాస్త తేలికపడుతుంది.

బావ: నా కారులో, నన్ను వదిలేసి?

నేను: అవును.

బావ: ఔటర్ దిగేటప్పుడు కట్టాలిగా, ఫాస్టాగ్‌లో ఎంతుందో చూశావా?

చూశాను. 85 రూపాయలు.