సింథటిక్ ఆయిల్ గారూ, మా మడ్డి మాకు ఇప్పించండి

మహారాజశ్రీ ఫుల్ సింథటిక్ ఇంజిన్ ఆయిల్ గారి దివ్య సముఖమునకు,

విజయవాడ నుంచి, 1,92,000 కిలోమీటర్లు తిరిగిన ఒక పెట్రోలు కారు యజమాని చేసుకొను విన్నపము.

అయ్యా, తమరు క్షేమమని తలుస్తాను. నిజానికి తమరి క్షేమ సమాచారం కోసం నేను ఉత్తరం రాయనక్కరలేదు, ఎందుకంటే తమరిలో ఎంత భాగం ఎక్కడ ఉన్నదో ప్రతి ఉదయం కారు కిందికి వంగి నా కళ్లతోనే చూసుకుంటున్నాను. కొంత ఇంజిన్‌లో ఉన్నారు. కొంత మా అపార్ట్‌మెంట్ సెల్లారులో నేను పరిచిన అట్టముక్క మీద ఉన్నారు. మరికొంత మొన్న ఆదివారం నుంచి తెనాలిలో, మా వియ్యంకుడు గారి కొత్త ఇంటి పోర్టికోలో, ఆయన మక్రానా నుంచి లారీ మీద తెప్పించుకున్న తెల్లని పాలరాయి మీద, ఫలహారం పళ్లెమంత మేర స్థిరనివాసం ఏర్పరచుకున్నారు.

ఆ పళ్లెం గురించే ఈ లేఖ.

గృహప్రవేశమై అప్పటికి పదకొండు రోజులే అయింది. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండాయే గాని ఇంకా తీయలేదు. భోజనాలు ముగిశాక బావగారు నన్ను సాగనంపడానికి పోర్టికో దాకా వచ్చి, తాంబూలం చేతికిచ్చి, రాయికి ఎంతయిందో, పాలిష్‌కు ఎంతయిందో మూడోసారి చెబుతూ ఉండగా నేను కారును వెనక్కు తీశాను. కారు కదలగానే దాని కిందనుంచి తమరు దర్శనమిచ్చారు. బావగారు మాట మధ్యలో ఆగిపోయారు. వదినగారు లోపలికి వెళ్లి సబ్బుపొడి తెచ్చి చల్లారు; ఆ తరువాత ముగ్గుపిండి చల్లారు; ఆ తరువాత తలుపు వేసుకున్నారు. బావగారు మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. వియ్యంకుడు ఒక్క మాట కూడా అనకపోవడమంటే ఏమిటో ఆడపిల్లను ఇచ్చిన ప్రతి తండ్రికీ తెలుసు, కాబట్టి వివరించను. దుగ్గిరాల దాటేదాకా మా ఆవిడ కూడా ఏమీ అనలేదు. దాటాక, కిటికీలోంచి బయటికే చూస్తూ, "ఏమండీ, ఆ పాత ఆయిలు మిమ్మల్ని ఏమందని మార్చారు?" అని అడిగింది.

ఏమీ అనలేదు. అదే నా దగ్గర ఉన్న సమాధానం. 2009లో కారు కొన్న నాటి నుంచి 20డబ్ల్యూ-40 అనే మామూలు మినరల్ ఆయిలును, ప్రతి 5,000 కిలోమీటర్లకూ ఒకసారి, ఆటోనగర్‌లో ఒకే మెకానిక్ చేత పోయించుకున్నాను. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, మరో ఐదేళ్లకు దాని ఆయుష్షును ప్రభుత్వం చేత రాయించుకున్నాను కూడా. ఇన్నేళ్లలో ఆ ఆయిలు ఒక్క బొట్టు నేల మీద పడిన పాపాన పోలేదు. రెండు నెలల క్రితం మా మెకానిక్ కూతురి పెళ్లి పనులలో ఉండడం వల్ల, నేను దారితప్పి ఒక పెద్ద సర్వీస్ సెంటరులో అడుగుపెట్టాను. అక్కడ ఏసీ ఉంది, కాఫీ యంత్రం ఉంది, చేతిలో ట్యాబ్ పట్టుకున్న ఒక కుర్రవాడు ఉన్నాడు. "సార్, ఇంత తిరిగిన బండికి సింథటిక్ పోయిస్తే పదేళ్లు చిన్నదైపోతుంది, లోపలంతా అద్దంలా కడిగేస్తుంది" అన్నాడు. అరవై దాటిన మనిషి ఎదుట పదేళ్లు చిన్నదైపోవడం గురించి మాట్లాడకూడదని ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. మూడున్నర లీటర్ల తమరు, ఒక కొత్త ఫిల్టరు, వీటికి ముందు ఇంజిన్‌కు పుక్కిలించడానికి పోసే ఫ్లషింగ్ ద్రవం ఒక సీసా, అన్నీ కలిపి 4,180 రూపాయలు. కాఫీ ఉచితం.

అయ్యా, ఆ కుర్రవాడు అబద్ధమాడలేదు, తమరూ మాట తప్పలేదు. నా బాధంతా అక్కడే ఉన్నది. కడుగుతానన్నారు, కడిగారు.

సోమవారం మధ్యాహ్నం ఆటోనగర్‌లో మా మెకానిక్ కారును పైకెత్తించి, టార్చిలైటు పట్టుకొని కిందికి దూరి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వైద్యుడూ మెకానికూ అలా మౌనంగా ఉన్నప్పుడు మనం జేబు తడుముకోవడం సహజం. చివరికి ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ నడుమ అతుకు దగ్గర వేలు పెట్టి తుడిచి, ఆ వేలు నాకు చూపించాడు. "క్రాంకు వెనక సీలు సార్. ఇది పోయి ఎన్నాళ్లయిందో. మడ్డి పట్టుకొని ఆపుతోంది. మీరు పోయి ఆ మడ్డిని కడిగించుకొచ్చారు." సీలు ఖరీదెంత అని అడిగాను. నాలుగు వందలన్నాడు. నా ముఖం వికసించడం చూసి జాలిపడి, "సీలు నాలుగు వందలే సార్, కానీ దాని దగ్గరికి పోవాలంటే గేర్‌బాక్సు దించాలి. దించాక క్లచ్ ప్లేటు కూడా మార్చేసుకుంటే మంచిది" అన్నాడు. పాత కారు ఉన్నవాడి జీవితంలో 'కూడా' అన్న మాటకు ఎంత ఖరీదు ఉంటుందో తమరి డబ్బా మీద ఎక్కడా ముద్రించలేదు.

మా మెకానిక్ చెప్పిన శాస్త్రం ఇదీ. ఇంజిన్ వేడికి రబ్బరు సీలు ఏళ్ల తరబడి ఉడికి, మెత్తదనం పోయి, ఎండిన నిమ్మతొక్కలా గట్టిపడుతుంది. క్రాంకు అనే తిరిగే ఇరుసుకూ దానికీ మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. ఆ సందులోనే పాత ఆయిలు తాలూకు మసి, జిగురు పేరుకొని, ఊరి పెద్దమనిషిలా అడ్డం కూర్చొని గుట్టు కాపాడుతుంది. తమరిలో కలిపిన కడుగుడు మందులు, ఆ ఫ్లషింగ్ సీసా తోడుగా, ఆ పెద్దమనిషిని లేపి పంపించేశాయి. దానికి తోడు తమరు పలచన. 100 డిగ్రీల వేడిలో మా పాత 20డబ్ల్యూ-40 లాంటి 40 గ్రేడు ఆయిలు చిక్కదనం, దాని కొలత అయిన సెంటీస్టోక్సులలో, 12.5కు తగ్గకూడదు. 5డబ్ల్యూ-30, అంటే 30 గ్రేడు అయిన తమరు 9.3 నుంచి 12.5 లోపు ఎక్కడ ఉన్నా చెల్లుతుంది. అంటే మా ఇంటి గుట్టు దాగిన తెర తీసి, ఆ సందులోంచి సునాయాసంగా జారగల సన్నని వారిని కూడా తమరే పంపించారన్నమాట. కొండనాలుక సామెత నాకు తెలియక కాదు. అది కార్లకు కూడా వర్తిస్తుందని తెలియక చెడ్డాను.

ఇక తమరి నుదుట రాసి ఉన్న 5డబ్ల్యూ గురించి ఒక్క మాట. ఆ డబ్ల్యూ చలికాలపు గుర్తు అనీ, 5డబ్ల్యూ అనిపించుకోవాలంటే సున్నాకు దిగువన 30 డిగ్రీల చలిలో ఇంజిన్ తిరగడానికి అడ్డుపడనంత పలచగా ఉండాలనీ తరువాత తెలుసుకున్నాను. చాలా సంతోషం. మేము చలిని చూడాలనుకుంటే డిసెంబరులో లంబసింగి వెళ్తాము, అక్కడ సున్నా దగ్గరికి వస్తేనే ఫొటోలు తీసుకొని బంధువులందరికీ పంపిస్తాము. రెంటచింతల ఎండ ఎరిగిన కారుకు సైబీరియా స్వెటరు తొడిగిన ఘనత తమరికే దక్కింది. ఆ సున్నా దిగువ 30కి నేను చెల్లించిన వాటా ఎంతో బిల్లులో విడిగా చూపించి ఉంటే వాపసు అడిగి ఉండేవాణ్ణి.

తమరి పేరు విషయం కూడా ఇక్కడే తేల్చుకుందాం. సింథటిక్ అనగానే ఏదో ప్రయోగశాలలో అణువు అణువూ పేర్చి తయారుచేశారని నేను భ్రమపడ్డాను. ఆయిలుకు మూలమైన నూనెలను వర్గాలుగా విడదీస్తారట; వాటిలో పీఏఓ (పాలీఆల్ఫాఓలిఫిన్) అనే నాలుగో వర్గం వారికి ఆ గౌరవం చెల్లుతుంది. కానీ అంగడిలో అదే పేరుతో తిరిగే వారిలో చాలామంది మూడో వర్గం వారు. అంటే సాక్షాత్తు ముడిచమురు సంతానమే, హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేయించుకొని కొత్త చొక్కా తొడుక్కున్నవారు. వీరిని సింథటిక్ అనవచ్చునా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ అనే ఆయిలు కంపెనీల మధ్య తగవు వస్తే, అక్కడి ప్రకటనల పరిశీలక సంస్థ 1999లో అనవచ్చునని తేల్చింది. నేను పోయించుకున్న తమరు ఏ వర్గమో డబ్బా అటూ ఇటూ తిప్పి చూసినా కనబడలేదు. పెళ్లి సంబంధానికి కూడా ఇంతకంటే ఎక్కువ వివరాలు అడుగుతాము.

సర్వీస్ సెంటరుకు ఫోన్ చేశాను. అదే కుర్రవాడు, అదే గొంతు. "పాత బండి కదా సార్, కారుతుంది" అన్నాడు. రెండు నెలల క్రితం పదేళ్లు చిన్నదవుతుందన్న బండి, డబ్బు చెల్లించగానే పాతదైపోయింది! అయ్యా, తమరు, మీరు అని ఇంతసేపు గౌరవించాను, ఇక నా వల్ల కాదు. ఎవరడిగారయ్యా నిన్ను కడగమని? నా కారు లోపల నా మడ్డి నేను పెంచుకున్నాను. లక్షా తొంభై వేల కిలోమీటర్లు, వానలో, ఎండలో, పిల్ల పెళ్లికీ, మా అమ్మ ఆఖరి ఆసుపత్రి ప్రయాణానికీ తిరిగి తిరిగి చేరిన మడ్డి అది. దాన్ని మురికి అని నువ్వు నిర్ణయించావు. కాపలా అని నేను ఇప్పుడు తెలుసుకున్నాను. పాలరాయి మీద నువ్వు పరిచిన ఆ పళ్లెంలో నా పదహారేళ్ల మర్యాద ఉంది, వెళ్లి చూసుకో!

క్షమించాలి. మంచినీళ్లు తాగి వచ్చాను.

న్యాయంగా చెప్పాలంటే, మా మెకానిక్ తమరి తరఫున కూడా కొంత వాదించాడు. పోయిన సీలును తమరు పోగొట్టలేదు, బయటపెట్టారంతే అన్నాడు. తొలినాటి పీఏఓ నూనెలు రబ్బరును కాస్త కుదించేవనీ, తరువాత రబ్బరును ఉబ్బించే ఎస్టర్లు అనే రసాయనాలను కలిపి ఆ లోపాన్ని సరిదిద్దారనీ, కాబట్టి సింథటిక్ సీళ్లను తినేస్తుందన్న పాత మాట పట్టుకొని తమరిని తిట్టడం సరికాదనీ అన్నాడు. తప్పు ఆయిలు జాతిలో కంటే గ్రేడులో, అంతకంటే ఆ ఫ్లషింగ్ సీసాలో ఉందట. తననే అడిగి ఉంటే, ముందు టార్చివేసి సీళ్లు చూసి, ఫ్లషింగ్ జోలికి పోకుండా, ఎక్కువ తిరిగిన బండ్ల కోసమే సీలు మెత్తబరిచే మందు కలిపి చేసే 10డబ్ల్యూ-40 పోసేవాణ్ణని చెప్పాడు. ఇప్పుడు పోస్తే ఆగుతుందా అన్నాను. రబ్బరు గట్టిపడి మాత్రమే ఉంటే ధార కొంత తగ్గవచ్చునట, చిరిగి ఉంటే ఏ మందూ పనిచేయదట. అన్నిటికంటే ముందు, ఊడిన మడ్డి ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే ఛాంబరులోని జల్లెడకు అడ్డంపడితే ఇంజిన్‌కే ఎసరు గనుక, 10,000 దాకా ఆగకుండా తొందరగానే ఆయిలూ ఫిల్టరూ మార్చెయ్యమన్నాడు. 10,000 కిలోమీటర్లు మన్నుతానన్న తమరిని ఖరీదు రెట్టింపు చెల్లించి తెచ్చుకున్నది ఇందుకే కాబోలు.

సిగ్గు విడిచి ఒక ప్రశ్న అడిగాను. పాత 20డబ్ల్యూ-40నే మళ్లీ పోసేస్తే అంతా మునుపటిలాగే అయిపోదా? అతడు చేతులు తుడుచుకుంటూ, "చిక్కగా ఉంటుంది గనక కారడం తగ్గుతుంది సార్. కానీ పోయిన మడ్డి మళ్లీ పట్టాలంటే ఇంకో పదహారేళ్లు పడుతుంది" అన్నాడు. అప్పటికి నాకు ఎన్నేళ్లుంటాయో అతడూ లెక్క వేశాడు, నేనూ వేశాను, ఇద్దరమూ పైకి అనుకోలేదు.

ఇంకొక సంగతి ఉంది. చెప్పకూడదనుకున్నాను గాని, వ్రాతలో దాచడం నాకు చేతకాదు. ఉదయం తాళం తిప్పగానే టాపెట్లు రెండు మూడు క్షణాలు దంచే చప్పుడు ఇప్పుడు లేదు. బెంజి సర్కిల్ దగ్గర మే నెల మధ్యాహ్నం నిలబడినా ఇంజిన్ గొంతు మారడం లేదు. నిన్న సిగ్నల్ దగ్గర ఆగిపోయిందేమోనని రెండుసార్లు తాళం తడిమాను. ఆయిలు కొలిచే గేజి తీసి చూస్తే, ఉన్నంత మేర తమరు ఇంకా ముదురు తేనె రంగులోనే ఉన్నారు. ఆ రంగు చూడడం కోసం అవసరం లేకపోయినా మరో రెండుసార్లు గేజి తీసిన మాట వాస్తవం. ఈ సంగతి మా ఆవిడకు తెలియనక్కరలేదు.

గేర్‌బాక్సు దించడానికి వచ్చే బుధవారం ముహూర్తం పెట్టించాను. క్లచ్ ప్లేటు కూడా. ఆ తరువాత ఏ ఆయిలు పోయాలో మెకానిక్ ఇష్టానికే వదిలేశాను; అతడు తమరినే పోస్తే నేను అడ్డుచెప్పను, పోయమని కూడా అనను.

ఇట్లు,
తమరి చేత శుభ్రపరచబడిన
ఒక కారు యజమాని

తా.క.: ఈ ఉదయం అట్టముక్క మీద పంతొమ్మిది బొట్లు, నిన్న పదిహేడు. తెనాలి నుంచి బావగారు ఇప్పుడే ఫోన్ చేశారు. వచ్చే నెల సత్యనారాయణ వ్రతానికి మమ్మల్ని తప్పక రమ్మన్నారు. రైలులో అయితే హాయిగా ఉంటుందనీ, స్టేషనుకు తానే కారు పంపిస్తాననీ చాలా ప్రేమగా చెప్పారు.